పామర్ కంపెనీ: పరిచయమే మూలధనం

పెద్ద వ్యాపారాలు పొదుపు వల్లా, తెలివితేటల వల్లా, సాహసం వల్లా పెరుగుతాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఉపాధ్యాయుడిగా నేనూ ఆ పాఠాలు చెబుతూనే వున్నాను. మన గడ్డమీదే నడిచిన విలియం పామర్ కంపెనీ చరిత్ర మాత్రం మరో సంగతి చెబుతుంది. దాని అసలు మూలధనం ప్రభుత్వంలో వున్న పలుకుబడి.

1814 ప్రాంతంలో హైదరాబాదులో వెలసిన యీ సంస్థ ప్రధాన వ్యాపారం వడ్డీకి అప్పులివ్వడం. గవర్నర్ జనరల్ ప్రభుత్వ అనుమతి లేనిదే బ్రిటిష్ ప్రజలు సంస్థానాధీశులకు అప్పులివ్వరాదని 1797 నాటి చట్టం నిషేధించింది. 1816లో లార్డ్ హేస్టింగ్స్ ప్రభుత్వం ఆ నిషేధం నుంచి పామర్ కంపెనీకి మినహాయింపు యిచ్చింది. కారణం కోసం దూరం పోనక్కరలేదు. కంపెనీ భాగస్వామి సర్ విలియం రంబోల్డ్ భార్య హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన యువతి. హైదరాబాదులోని రెసిడెంటు హెన్రీ రసెల్ అండ కూడా వుండనే వుంది.

నిజాం సికందర్ జా పేరుతో పాలన నడిపినవాడు చందూలాల్. సైన్యం జీతాలకు అతను అప్పు తెచ్చాడు. తాలూకాల శిస్తును హామీగా రాసిచ్చాడు. వడ్డీ ఏడాదికి నూటికి 24, 25 దాకా పోయింది. 1820లో 60 లక్షల కొత్త అప్పును కలకత్తా కౌన్సిల్ సభ్యులు కొందరు వ్యతిరేకించినా హేస్టింగ్స్ సాగనిచ్చాడు. పాలనా సంస్కరణలకని చెప్పిన ఆ అప్పులో చాలా భాగం పాత బాకీని కొత్త పద్దులోకి మార్చడమేనని, ఆ ఏడాదే రెసిడెంటుగా వచ్చిన మెట్‌కాఫ్ బయటపెట్టాడు. అందుకని అతన్ని రైతు పక్షపాతిగా భావించనక్కరలేదు. అతనూ వలస ప్రభుత్వ సేవకుడే.

ఈ బాకీ తీరిన పద్ధతి గమనించదగినది. ఉత్తర సర్కారుల నిమిత్తం ఈస్టిండియా కంపెనీ నిజాంకు ఏటా 7 లక్షల పేష్కష్ కట్టేది. 1823లో సుమారు 1 కోటి 16 లక్షలు ఒకేసారి యిచ్చి ఆ బాధ్యతను శాశ్వతంగా వదిలించుకుంది. పామర్ బాకీ ఆ సొమ్ముతోనే తీరింది. నిజాం రాజ్యంలో రైతు కట్టిన శిస్తు వడ్డీల కింద కరిగిపోగా, కోస్తా తెలుగు జిల్లాల పేష్కష్ యిలా చెల్లిపోయింది. ఆ ఏడాది మొదట్లోనే హేస్టింగ్స్ యింటిదారి పట్టాడు. 1824లో పామర్ కంపెనీ దివాలా తీసింది. పైవారి ప్రాపు పోయాక ఆ వ్యాపార దక్షత ఏపాటిదో తేలిపోయింది.

సాహిత్య చరిత్రతో దీనికేం పని అని అడగవచ్చు. చందూలాల్ ‘షాదాఁ’ అనే కలంపేరుతో కవిత్వం రాశాడు, కవులను పోషించాడు. మన చరిత్రకారులు ఆ పోషణను మెచ్చుకున్నారు. ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ (1839) నవల రాసిన మెడోస్ టేలర్, పామర్ అల్లుడు. అతని ఆత్మకథలో మామగారు మర్యాదస్తుడైన పెద్దమనిషి. ఆ మర్యాద నిజమే కావచ్చు. అయితే అతిథులకు పెట్టిన విందు, కవులకిచ్చిన బహుమతి ఎవరి కష్టార్జితం? ఆ శిస్తు కట్టినవాడికి ఆత్మకథ లేదు.

పోషకుల ఔదార్యాన్ని వర్ణించే ప్రతి పీఠికనూ మన సాహిత్య విద్యార్థులు ఆనాటి శిస్తు లెక్కల పక్కన పెట్టి చదవాలి. కవిత్వం విలువ దానివల్ల తరగదు. పోషకుడికి కట్టిన విలువ మాత్రం తప్పక మారుతుంది.