కట్టకు ప్రాణం అలుగు

బాన్సువాడలో నీళ్ల చరిత్ర అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది నిజాంసాగర్. మంజీర మీద 1923లో పని మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టే మన ప్రాంతాన్ని వరిసీమగా మార్చింది. మన బడిలో చదువుకున్న చాలామంది పుస్తకాల ఖర్చు ఆ కాలువ కింద పండిన పంట నుంచే వచ్చింది. కాబట్టి నిజాంసాగర్ గురించి ఇలాంటి సంచికల్లో ఎంత రాసినా తక్కువే. కానీ ముప్పై ఏళ్లుగా నీళ్ల పనులతోనే గడిపిన ఇంజనీరుగా ఈసారి చిన్నవాటి గురించి రాయాలనిపించింది. ఊరూరా ఉన్న మట్టికట్టలు, అవి ఎందుకు నిలుస్తాయి, ఎందుకు తెగుతాయి అన్నది ఈ వ్యాసం.

చెరువు అంటే మనకు సాగునీరు, చేపలు, బతుకమ్మ. ఇంజనీరు లెక్కలో అది వరదను ఆపే చిన్న ఆనకట్ట కూడా. వాగులో ఒక్కసారిగా వచ్చే నీటిని పట్టి ఉంచి, నిదానంగా కిందికి వదులుతుంది. దానికి మూడు భాగాలుంటాయి. నీటిని ఆపేది కట్ట. పొలానికి నీరు ఇచ్చేది తూము. ఎక్కువైన నీటిని బయటికి పంపేది అలుగు, మనవైపు మత్తడి అని కూడా అంటాం. జనం చూపు కట్ట మీద, రైతు చూపు తూము మీద ఉంటుంది. అలుగును ఎవరూ అంతగా పట్టించుకోరు. అయితే మట్టికట్టల చరిత్ర తిరగేస్తే, కట్ట తెగిన చోటల్లా కథ చాలాసార్లు అలుగు దగ్గరే మొదలైందని తెలుస్తుంది.

రాతికట్ట మీదుగా నీరు పొర్లినా కొంతసేపు తట్టుకుంటుంది. మట్టికట్టకు ఆ శక్తి లేదు. జానెడు మందాన నీరు కట్ట మీదుగా దిగడం మొదలైతే చాలు, కింది వైపు వాలు కోసుకుపోతుంది. ఆ కోత పైకి పాకుతుంది. కొన్ని గంటల్లోనే గండి పడుతుంది.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరద ఈ పాఠాన్ని మనకు చాలా ఖరీదుకు నేర్పింది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన కురిసింది. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండగా 221 తెగిపోయాయి. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు నీరు కింది చెరువుకు వస్తుంది. పైది తెగితే వచ్చేది అలుగు నీరు కాదు, చెరువంతా ఒకేసారి వస్తుంది. దాన్ని మోసే అలుగు కింది చెరువుకు ఉండదు. అలా ఒకదాని వెంట ఒకటి తెగాయి. నగరంలో వేలమంది చనిపోయారు.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నగరంలో నది ఒడ్డున గోడలు కట్టి ఊరుకోమనలేదు. నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టి, వరద వచ్చినప్పుడు పట్టుకోవడానికి వాటిలో కొంత చోటు ఖాళీగా ఉంచమన్నారు. మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. నీరు నింపుకోవడం ఎంత ముఖ్యమో, ఖాళీ చోటు ఉంచడం కూడా అంతే ముఖ్యమన్న ఆలోచన మన ప్రాంతపు ఇంజనీర్లకు అక్కడే బలపడింది. ఆ తరంలో ఎదిగిన ఇంజనీరే నవాబ్ అలీ నవాజ్ జంగ్. నిజాంసాగర్ ఆయన పని. ఆయన పుట్టినరోజైన జూలై 11ను ఇప్పుడు తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఇక మనకు దగ్గరి ఉదాహరణ పోచారం. బాన్సువాడ మండలంలోని పోచారం కాదు, నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం ప్రాజెక్టు. మంజీరలో కలిసే ఆలేరు వాగు మీద 1922లో పూర్తయింది, అంటే నిజాంసాగర్ కన్నా పెద్దది వయసులో. దానికి గేట్లు లేవు. పొడవాటి రాతి అలుగు, పక్కన మట్టికట్ట. నిండితే నీరు దానంతటదే దూకుతుంది. వానాకాలంలో ఆ దూకుడు చూడటానికి మనమంతా ఎప్పుడో ఒకప్పుడు వెళ్లినవాళ్లమే.

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాలో ఏం జరిగిందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. కొన్నిచోట్ల ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. రోడ్లు, రైలు కట్ట కొట్టుకుపోయాయి. 70 వేల క్యూసెక్కుల కోసం కట్టిన పోచారానికి 1.82 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందని ప్రభుత్వం ప్రకటించింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. అలుగు పక్కన మట్టి కోసుకుపోయి పెద్ద గుంత పడింది. దిగువ ఊళ్ల వాళ్లను ఖాళీ చేయించారు. ఆ రాత్రి మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అందరూ అడిగింది ఒకే ప్రశ్న: "ఉంటదా, పోతదా?" నూట మూడేళ్ల కట్ట నిలిచింది.

ఎలా నిలిచింది? రాతిపని గట్టిదనం ఒక కారణం. రెండో కారణం అలుగు స్వభావంలోనే ఉంది. అలుగు మీద నీటి మందం రెట్టింపైతే, పారే నీరు రెట్టింపు కాదు, దాదాపు 2.8 రెట్లు అవుతుంది. అంటే అనుకున్నదానికి రెండున్నర రెట్లకు మించిన వరదను కూడా, నీటి మందం రెట్టింపు కాకముందే బయటికి పంపగలదు. పైగా దాన్ని ఎవరూ వచ్చి తెరవనక్కర్లేదు. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు.

గేట్లున్న చోట పరిస్థితి వేరు. కడెం ప్రాజెక్టు 1958లో వరదకు దెబ్బతింది, 1995లో మట్టికట్ట తెగింది. 2022 జూలైలో 5 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వస్తే 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. అప్పుడు నిలిచింది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు నిలవలేదు. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు, ఎగువ నుంచి వచ్చిన వరద మట్టికట్ట మీదుగా పొర్లింది, పదుల ప్రాణాలు పోయాయి. 2024 జూలైలో అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు మట్టికట్ట కూడా అలాగే తెగింది. గేట్లు వద్దని నేను అనడం లేదు. గేటు ఉన్నచోట దాన్ని వానాకాలానికి ముందే ఎత్తి దించి చూసే మనిషి కూడా ఉండాలి.

పై లెక్కనే తిప్పి చూస్తే మన ఊరి చెరువు ప్రమాదం కనిపిస్తుంది. మూడు అడుగుల మందాన నీరు పారేలా కట్టిన అలుగు ఉందనుకుందాం. ఇంకో నెల నీళ్లు నిలుస్తాయని దాని మీద అడుగు ఎత్తు ఇసుక బస్తాలు పేర్చారు. పోయింది మూడో వంతు కాదు, వరదను పంపే శక్తిలో దాదాపు సగం. ఉద్యోగంలో నేను చూసిన ఒక చెరువు అలుగుకు చేపలు పోకుండా అడ్డంగా జాలి కట్టి ఉంది. దానికి గుర్రపుడెక్క, చెత్త పట్టి గోడలా తయారైంది. చేప కొన్నవాళ్ల బాధ నిజమే. కానీ ఆ జాలి వెనకాల పెరిగేది ఊరంతటి ప్రమాదం. అలుగు కింది కాలువను పూడ్చి ప్లాట్లు చేస్తే ఇంకా కష్టం. బస్తాలను ఒక పూటలో తీయవచ్చు, ఇళ్లను తీయలేం.

మట్టికట్టకు రెండో శత్రువు బుంగ. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియల వెంట, కుళ్లిన చెట్టు వేర్ల వెంట, తూము గోడ పక్కన నీరు దారి చేసుకుంటుంది. 1976 జూన్ 5న అమెరికాలో టీటన్ అనే పెద్ద మట్టి ఆనకట్ట మొదటిసారి నింపుతుండగానే ఇలా పోయింది. పొద్దున బురద నీరు కారడం చూశారు, మధ్యాహ్నానికి ముందే కట్ట తెగింది. అన్ని హంగులున్న దేశంలో కూడా బుంగ ఇచ్చే గడువు అంతే. మన పాతకాలపు నీరడికి ఈ విద్య తెలుసు. కట్ట కింద కారే నీరు తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉండేవాడు, బురదగా మారితే ఊరిని లేపేవాడు. బురద అంటే కట్ట లోపలి మట్టి బయటికి వస్తోందని అర్థం. అలాంటప్పుడు బయటి రంధ్రాన్ని మట్టితో మూయకూడదు. నీరు ఇంకోచోట పొడుచుకొస్తుంది. రంధ్రం మీద ఇసుక, కంకర వేసి, చుట్టూ బస్తాలతో బావిలా కట్టాలి. నీరు వస్తుంది, మట్టి ఆగుతుంది.

మన చట్టం ఈ చిన్న చెరువుల దాకా రాదు. 2021 ఆనకట్టల భద్రత చట్టం 15 మీటర్లు దాటిన ఆనకట్టలకు, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి పొడవు, నిల్వ వంటి కొన్ని షరతులకు లోబడినవాటికి వర్తిస్తుంది. ఊరి చెరువు కట్టల్లో చాలావరకు అంత ఎత్తు ఉండవు. మిషన్ కాకతీయ 2015 మార్చిలో మన పక్కనే సదాశివనగర్‌లో మొదలైంది. పూడిక తీశారు, కట్టలు బలపరిచారు. అది మంచి పని. కానీ బాగుచేయడం ఒకసారి చేసే పని, కాపాడటం ఏటా చేసే పని. నీరడి వ్యవస్థ పోయాక ఆ రెండో పని ఎవరిదో ఊళ్లో అడిగితే సమాధానం దొరకడం లేదు.

అందుకే ఈ స్వర్ణోత్సవ వేళ మన సంఘానికి ఒక చిన్న ప్రతిపాదన. మనలో ఇంజనీర్లున్నారు, ఉపాధ్యాయులున్నారు, సర్పంచులున్నారు, చెరువు కింద వ్యవసాయం చేస్తున్నవారూ ఉన్నారు. ఏటా మే నెలాఖరున, మృగశిర కార్తెకు ముందు, ఎవరి ఊరి చెరువును వాళ్లు ఒక పూట నడిచి చూద్దాం. తొమ్మిది, పది తరగతుల పిల్లలను వెంట తీసుకెళ్దాం. అలుగు మీద అడ్డం ఉందా, అలుగు కింది కాలువ వాగు దాకా తెరిచి ఉందా, కట్టలో కుంగిన చోటు ఉందా, కట్ట మీద తుమ్మచెట్లు పెరిగాయా, తూము పక్కన తడి ఉందా. ఈ ఐదింటినీ ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసి, ఒక ప్రతిని గ్రామ పంచాయతీకి, ఒకటి నీటిపారుదల శాఖ ఏఈకి ఇద్దాం. ఒక ప్రతి మన బడి లైబ్రరీలో ఉండాలి. పదేళ్లు ఇలా రాస్తే ప్రతి కట్టకూ ఒక చరిత్ర తయారవుతుంది. కట్ట ఎక్కడ కుంగుతోందో, ఎంత వేగంగా కుంగుతోందో వచ్చే ఇంజనీరుకు ఆ పుస్తకమే చెబుతుంది.

దీనికి డబ్బు అక్కర్లేదు. మొదటి నోటుపుస్తకం నేను తెస్తాను. వచ్చే మే నెలలో కల్కి చెరువు దగ్గర మొదలుపెడదాం. గురువులు కూడా వస్తే మాకు సంతోషం.