మర కలిస్తేనే బోల్టు

సారపాక. ఇంకాస్త ముందుకెళ్తే గోదావరి వంతెన, అవతల భద్రాచలం. రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఓ పాత అంబాసిడర్ బానెట్ ఎత్తి నిలబడింది. పేపరు మిల్లుకు జామాయిల్ కర్ర మోసే లారీ పోయినప్పుడల్లా నెత్తిన రేకులు అదురుతున్నాయి. డైనమోను పట్టి ఉంచే బోల్టు దారిలో ఎక్కడో ఊడిపోయింది. బెల్టు వదులై ఇంజను సెగలు కక్కుతోంది. దానికి తోడు మూడో సిలిండరు మిస్ కొడుతోంది.

కుర్రాడు డబ్బాలోంచి 8 ఎంఎం బోల్టు తీశాడు. చేత్తో రెండు చుట్లు సాఫీగా తిరిగి బిగుసుకుంది. 13 పానా తగిలించి బరువెయ్యబోతే మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా. బలం పెట్టినవంటే లోపలి మర పోతది. ఇది ఇంచీ ఇంజను."

మూలనున్న ఇనుప తుక్కులోంచి ఓ పాత బోల్టు వెతికి తీశాడు. రెండింటినీ పక్కపక్కన ఆనించి వెలుతురుకు పట్టాడు. మొదటి పళ్లు కలిశాయి, నాలుగో పన్ను దగ్గర సందు కనిపించింది. పాతది అంగుళంలో 5/16 వంతు, అంటే 7.94 మిల్లీమీటర్లు. లావులో తేడా కంటికి ఆనదు. మరలో మాత్రం దాచలేం: అంగుళానికి పాతదానికి 24 చుట్లు, ఎంఎం బోల్టుకు దాదాపు ఇరవై. పానా కూడా మోసం చేస్తుంది, అరంగుళం తలకు 13 పానా దాదాపు పట్టేస్తుంది.

ఇక ప్లగ్గులు. మూడోది విప్పితే కొన నల్లగా మసిబారి ఉంది. మేస్త్రీ దాన్ని మిగతా వాటి పక్కన పెట్టాడు. మర పొడవు సగమే! పాత పెట్రోలు జీపు ప్లగ్గు. లావు రెండిటికీ 14 ఎంఎమ్మే కాబట్టి ఎవరో ఎక్కించేశారు. ఈ 1489 సీసీ ఇంజనుకు మర 19 ఎంఎం పొడవుండాలి. పొట్టిదైతే నిప్పురవ్వ లోతుగా కన్నంలోనే ఉండిపోతుంది, ఖాళీ మరల్లో మసి పేరుకుంటుంది. పొడుగు ప్లగ్గు జీపులో పెడితే కొన లోపలికి పొడుచుకొస్తుంది, అది ఇంకా ప్రమాదం.

కొత్త ప్లగ్గు సందు 25 థౌ (అంగుళంలో వెయ్యింట 25 వంతులు) ఉందో లేదో గేజితో చూసి, చివరిదాకా చేత్తోనే తిప్పి, ఆపైనే పానా అందుకున్నాడు. ఆ ఓపిక చూస్తే ముచ్చటేసింది.

దుకాణంలో అంబాసిడర్ సామాను ఇవ్వమంటే చాలదు. 2014 దాకా ఉత్తరపారాలో తయారైన ఈ బండికి పాత ఇంజను బ్రిటిష్ నమూనాది, ఇంచీ మరలు. తర్వాత వచ్చిన ఇసుజు ఇంజనుకు ఎంఎం మరలు. బయటి రూపం ఒకటే. అందుకే దుకాణానికి విప్పిన బోల్టునూ ప్లగ్గునూ పట్టుకెళ్లండి, కొత్తదాన్ని పక్కన ఆనించి చూసుకోండి. చింతూరు వైపు అడవి దారి పట్టేముందు ఈ పని ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో ముగించుకోండి.