గోటూ ఎక్కడ వాలుతుంది: సీ కంపైలర్ పరీక్షల కథ

ప్రోగ్రామ్ మామూలుగా పై వరుస నుంచి కింది వరుసకు నడుస్తుంది. ఆ నడకను తెంపి మరో చోటికి పంపే వాక్యాలు సీ భాషలో నాలుగు: గోటూ, బ్రేక్, కంటిన్యూ, రిటర్న్. వీటిని జంప్ స్టేట్‌మెంట్లు అంటారు. రాసేవాడికి ఒక్క మాటతో తేలిపోయే పని, కంపైలర్ రాసేవాడికి మాత్రం గట్టి పరీక్షే.

1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా గోటూను గట్టిగా ఖండించాడు. ఆ తర్వాత బెల్ ల్యాబ్స్‌లో సీని రూపొందించిన డెనిస్ రిచీ దాన్ని తీసేయలేదు. 1978లో సీ భాష మీద కెర్నిగన్, రిచీల పుస్తకం వచ్చింది. చాలా ఏళ్లు అదే కొలబద్ద. 1980లలో కంపైలర్లు పెరిగాక ఆ పుస్తకం చెప్పకుండా వదిలిన చోట్ల ఎవరి దారి వారిదైంది.

1983లో లూకాస్‌ఫిల్మ్‌లో టామ్ డఫ్ రాసిన కోడ్ ఈ చిక్కును బాగా చూపిస్తుంది. డేటాను వేగంగా తరలించడానికి అతను లూప్‌లోని పనిని ఎనిమిది సార్లు వరుసగా రాసి, స్విచ్ తాలూకు కేస్ లేబుళ్లను డూ లూప్ కడుపులో పెట్టాడు. అంటే నడక లూప్ మొదట్లో కాకుండా నడుమన అడుగుపెడుతుంది. భాష నియమాల ప్రకారం అది సరైనదే. కేస్ లేబుల్ స్విచ్ పైపొరలోనే ఉంటుందని నమ్ముకున్న కంపైలర్ మాత్రం అక్కడ బోల్తా పడుతుంది.

1989 డిసెంబరులో సీ భాషకు అమెరికా ప్రమాణం, 1990లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చాయి. అప్పటి నుంచి ప్రతి నియమమూ ఒక పరీక్ష అయింది. లూప్ లోపలి స్విచ్‌లో బ్రేక్ రాస్తే స్విచ్ మాత్రమే ముగియాలి. అదే చోట కంటిన్యూ రాస్తే లూప్ తర్వాతి చుట్టుకు పోవాలి. డూ-వైల్‌లో కంటిన్యూ లూప్ మొదటికి కాదు, చివరి షరతు దగ్గరికి చేరాలి. ఒక ఫంక్షన్‌లోని గోటూ మరో ఫంక్షన్‌లోని లేబుల్‌కు పోతానంటే కంపైలర్ తప్పు పట్టాలి. సరైనదాన్ని నడిపించడం సగం పనే, తప్పుదాన్ని పట్టుకోవడం మిగతా సగం. ఒక స్విచ్‌కు కనీసం 257 కేస్ లేబుళ్లను భరించాలని కూడా ఆ ప్రమాణం కోరింది. 1999 ప్రమాణం దాన్ని 1023కు పెంచింది. నడిచేటప్పుడు పొడవు తేలే అర్రే పరిధిలోకి బయటి నుంచి దూకడాన్ని అదే నిషేధించింది.

1987లో తొలిసారి విడుదలైన జీసీసీ అనే కంపైలర్ తన పరీక్షల మూటకు 'టార్చర్' అని పేరు పెట్టుకుంది. అందులో చాలావి చిన్న ప్రోగ్రాములు. ఫలితం తప్పితే అబార్ట్‌ను పిలిచి ఆగిపోతాయి. దొరికిన పొరపాటు మళ్లీ తలెత్తకుండా దాన్నే పరీక్షగా దాచిపెట్టడం ఈ వృత్తిలో ఎంతో విలువైన అలవాటు.

మనిషి ఊహకు అందని కలగలుపుల కోసం యూటా విశ్వవిద్యాలయంలో సీస్మిత్ అనే సాధనం పుట్టింది. అది గోటూలతో సహా యాదృచ్ఛిక ప్రోగ్రాములు అల్లి, వేర్వేరు కంపైలర్లు ఇచ్చే ఫలితాలను పోల్చుతుంది. 2011 నాటి పత్రం ప్రకారం మూడేళ్లలో 325కు పైగా లోపాలు బయటపడ్డాయి.

2014లో యాపిల్ భద్రతా కోడ్‌లో ఒక గోటూ వరుస రెండుసార్లు పడి, సంతకం తనిఖీ తప్పిపోయింది. అక్కడ కంపైలర్ తప్పేమీ లేదు, రాసినట్టే దూకింది. వరుసలను పక్కకు జరిపి రాసిన తీరు కళ్లను మోసగించే ఇలాంటి చోట్ల హెచ్చరించే సదుపాయం 2016లో జీసీసీ 6తో వచ్చింది.