చెట్టు గాయము – వృక్షవైద్యుని రంపము

మన పాఠశాలల ఆవరణలలో ఒక వేపచెట్టయినను, చింతచెట్టయినను తరచుగా ఉండును. దాని మానును ఒకసారి జాగ్రత్తగా పరిశీలింపుడు. ఎప్పుడో కొమ్మ నరికినచోట గుండ్రని మచ్చ యొకటి కనబడును. దాని అంచున బెరడు పెదవివలె ఉబ్బి, ఏటేట లోపలికి జరుగుచుండును. కొన్నాళ్లకు మచ్చ పూర్తిగా కప్పబడిపోవును. అప్పుడు మనము “గాయము మానినది” అందుము. ఆ మాట నిజమేనా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు చాల కాలము పట్టినది. ఆ కథయే వృక్షశస్త్రచికిత్స అను వృత్తియొక్క చరిత్ర.

చెట్టునకు వైద్యము చేయవలెనన్న తలంపు చాల పాతది. క్రీ. శ. 6వ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. రోగము సోకిన చెట్టును మొదట శస్త్రముతో శుద్ధిచేసి, పిదప వాయువిడంగములు, నేయి, బురద కలిపి పూసి, పాలు కలిపిన నీరు పోయవలెనని అందు చెప్పబడినది. మొదట కోసి శుభ్రపరచుట, తరువాత లేపము పూయుట – ఈ రెండు మెట్ల వైద్యమే వేయిసంవత్సరములకు పైగా గడచిన తరువాత ఇంగ్లండులోను కనబడును.

18వ శతాబ్దాంతమున ఇంగ్లండు నౌకాదళమునకు ఓక్ కలప ప్రాణాధారము. తొఱ్ఱపడిన ఓక్ చెట్టు ఓడకు పనికిరాదు. అట్టి సమయమున రాజోద్యానములను చూచుచుండిన విలియం ఫార్సైత్ అను తోటమాలి తాను కనిపెట్టిన లేపమును గూర్చి 1791లో ఒక పుస్తకము ప్రకటించెను. తాజా ఆవుపేడ ఒక బుషెల్, పాత ఇండ్ల సున్నపు పెళ్లలు అర బుషెల్, కట్టెల బూడిద అర బుషెల్, ఇసుక బుషెల్‌లో పదునారవ వంతు – ఇవియే ఆ లేపమునందలి ద్రవ్యములు. దీనిని పూసినచో తొఱ్ఱచెట్లు సైతము మరల గట్టి కలపనిచ్చునని ఆయన వాదించెను. పార్లమెంటు ఆయనకు 1,500 పౌనులు బహూకరించినది. థామస్ ఆండ్రూ నైట్ అను ఉద్యానశాస్త్రజ్ఞుడు మాత్రము ఈ వాదనను తీవ్రముగా ఖండించెను.

అంతమంది పెద్దలు దానిని ఎట్లు నమ్మిరి? కారణము స్పష్టమే. లేపము పూసిన గాయముమీదికి బెరడు వచ్చుట కంటికి కనబడును. పూయకున్నను వచ్చునన్న సంగతి ఎవరికిని తట్టదు. లోపల కలప ఏమగుచున్నదో బయటినుండి చూచువానికి తెలియదు. పక్కపక్కన రెండు గాయములుంచి, ఒకదానికి మాత్రమే మందు పూసి పోల్చిచూచినగాని మందు పనిచేసినదని చెప్పరాదు. విజ్ఞానశాస్త్రమున ఇది మొదటి పాఠము.

కలప ఏల కుళ్లునో తెలియుటకు 19వ శతాబ్దము మూడువంతులు గడువవలసివచ్చినది. చెట్టు కుళ్లిన పిమ్మట దానియందు శిలీంధ్రములు పుట్టునని అప్పటివరకు పలువురి అభిప్రాయము. జర్మనీ దేశీయుడైన రాబర్ట్ హార్టిగ్ 1874, 1878 సంవత్సరములలో ప్రకటించిన గ్రంథములు ఈ అభిప్రాయమును తలక్రిందులు చేసినవి. మానుపై పుట్టగొడుగువలె పైకివచ్చు భాగమును, లోపల కలపను తినుచు ప్రాకు తంతువులును ఒకే శిలీంధ్రమునకు చెందినవని ఆయన చూపెను. కుళ్లుటవలన శిలీంధ్రము పుట్టుట లేదు; శిలీంధ్రమువలననే కలప కుళ్లుచున్నది.

ఇంతలో ఇంగ్లండులో 1846లో పుట్టి అమెరికాకు వలసవెళ్లిన జాన్ డేవీ, వృక్షచికిత్సను ఒక వృత్తిగా తీర్చిదిద్దెను. 1901లో “చెట్ల వైద్యుడు” అను అర్థమిచ్చు పేరుతో ఆయన గ్రంథము వెలువడినది. 1909లో ఒహాయో రాష్ట్రమందలి కెంట్ పట్టణమున ఆయన కంపెనీయు, పనివారికి శిక్షణనిచ్చు పాఠశాలయు ఏర్పడినవి. దంతవైద్యుడు పుచ్చుపన్నును గీకి నింపునట్లు, ఆనాటి పనివారు తొఱ్ఱలోని కుళ్లునంతయు గీకివేసి సిమెంటుతో నింపుచుండిరి. చూచుటకు పని చక్కగానే ఉండెడిది. కాని గాలికి చెట్టు ఊగును, సిమెంటు ఊగదు. రెంటి నడుమ సందుపడి తేమ నిలిచెడిది. అంతకంటె పెద్ద నష్టము గీకుటలోనే ఉన్నది. అది ఎట్టిదో తెలుపవలసినవాడు ఇంకను రావలసి యుండెను.

అతడే అలెక్స్ షైగో. 1959లో అమెరికా అటవీశాఖలో చేరిన ఈ శాస్త్రజ్ఞుడు యంత్రరంపముతో వేలకొలది చెట్లను నిలువునా చీల్చి పరిశీలించెను. గాయముచుట్టును చెట్టు తనకుతానే అడ్డుగోడలు కట్టుకొనుచున్నదని గ్రహించి, 1977లో తన సిద్ధాంతమును సమగ్రముగా ప్రకటించెను.

ఆ గోడలు నాలుగు. గాయము తగిలినంతనే చెట్టు నీటినాళములను పూడ్చివేసి, కుళ్లు పైకిని క్రిందికిని ప్రాకకుండ చేయును. ఇది అన్నిటికంటె బలహీనమైన గోడ. కావుననే తొఱ్ఱలు పొడవుగా ఏర్పడును. కుళ్లు లోపలికి పోకుండ వార్షికవలయములు రెండవ గోడగా నిలుచును. పక్కలకు వ్యాపింపకుండ దారుకిరణములు మూడవ గోడ యగును. నాల్గవది గాయము తగిలిన తరువాత బెరడు క్రిందనుండు కేంబియము క్రొత్తగా కట్టు గోడ. ఇది మిక్కిలి బలమైనది. గాయమునాడు ఉన్న కలపకును, తరువాత పెరుగు కలపకును నడుమ ఇది సరిహద్దు. లోపల కుళ్లినను వెలుపలి క్రొత్త కలప సాధారణముగా శుభ్రముగా నుండును. తొఱ్ఱను గట్టి కలప కనబడువరకు గీకినపుడు పనివాడు తెలియకయే ఈ గోడలను పగులగొట్టుచుండెను. శిలీంధ్రమునకు అంతకంటె కావలసినదేమి?

కనుక మొదటి ప్రశ్నకు సమాధానమిది: మన చర్మమువలె చెట్టు గాయము మానదు. చెడిన కణములస్థానమున క్రొత్త కణములు రావు. చెట్టు ఆ భాగమును బంధించి, దానిపై క్రొత్త కలపను కప్పుకొని పెరుగును. గాయము జీవితాంతము లోపలనే ఉండును.

ఈ జ్ఞానము పనివాని రంపమును కొన్ని అంగుళములు జరిపినది. పూర్వము కొమ్మను మానునకు సమముగా కోయుట నైపుణ్యమనుకొనిరి. కొమ్మ మొదట కొంచెము ఉబ్బియుండు పట్టీలో కుళ్లునాపు ఏర్పాటు ముందే ఉన్నదని ఇప్పుడు తెలిసినది. కావున ఆ ఉబ్బును ముట్టక, దాని వెలుపలనే కోయవలెను. పొడవైన మోడును విడుచుటయు తప్పే. గాయమునకు రంగు, తారు పూయుటవలన కుళ్లు ఆగదు. అమెరికాలోని ఓక్ ఎండుతెగులువంటి కొన్ని వ్యాధులను మోసుకొనివచ్చు పురుగులను దూరముంచుటకు మాత్రము పూత ఉపయోగపడును.

నేటి వృక్షవైద్యుని పని నేలమీదనే ప్రారంభమగును. చెట్టుచుట్టు తిరిగి మొదట పుట్టగొడుగులు, మానుపై పగుళ్లు, ఎండుకొమ్మలు, సమీపమున విద్యుత్తీగలు ఉన్నవేమో చూచును. ఒంటరిగా చెట్టెక్కడు, అవసరమైనచో తనను దింపగల సహచరుడు క్రింద ఉండవలెను. మన గీతకార్మికులు మోకును నమ్ముకొని తాటిచెట్టెక్కునట్లు, ఈతడు నడుముపట్టీని, త్రాటిని, శిరస్త్రాణమును నమ్ముకొనును. బ్రతుకవలసిన చెట్టుపై ఇనుపముళ్ల బూట్లు వాడడు. బరువైన కొమ్మను మూడు కోతలలో తీయును. మానునకు అడుగు దూరమున క్రిందినుండి సగములోపు ఒక కోత. దానికి కొంచెము అవతల పైనుండి రెండవ కోత. కొమ్మ పడిపోవును, బెరడు చీలదు. మిగిలిన మోడును ఉబ్బుదగ్గర మూడవ కోతతో తీయును. ఒక్కసారిగా పచ్చని భాగములో నాల్గవవంతుకు మించి తీయడు. చెట్టు తల నరకడు.

మన దేశమున రెండు మఱ్ఱిచెట్ల కథ ఇచట చెప్పదగినది. కలకత్తాకు ఎదుట శిబ్‌పూర్ ఉద్యానమందలి మహావటవృక్షము 1864, 1867 తుపానులలో దెబ్బతిన్నది. శిలీంధ్రము సోకిన దాని ప్రధానకాండమును 1925లో తొలగించిరి. అయినను ఊడలే కాండములై నేటికిని చెట్టు వర్ధిల్లుచున్నది. మహబూబ్‌నగర్ చెంతనున్న పిల్లలమఱ్ఱిని చెదలు తినగా, 2017 డిసెంబరులో పెద్దకొమ్మ కూలినది. 2018లో అటవీశాఖవారు చెదలమందును పలుచన చేసి, సెలైనువలె సీసాలనుండి బొట్టుబొట్టుగా ఎక్కించిరి. కొమ్మలకు స్తంభములు ఆధారమిచ్చిరి.

కాని వేపకు ఊడలు లేవు. నేడు తీగలకు అడ్డమని తల నరికిన వీథిచెట్టు వెంటనే చిగురించి మనలను మోసగించును. లోపల కుళ్లు ఏండ్లతరబడి చప్పుడు లేక సాగి, ఒకనాడు గాలివానకు కొమ్మ ఎవరిమీదనో పడును. తప్పుచేసినవాడు అప్పటికి అక్కడ ఉండడు.

ఉపాధ్యాయులు విద్యార్థులను వెంటబెట్టుకొని తమ ఆవరణలోని చెట్ల మచ్చలను నేలనుండియే లెక్కించవచ్చును. మోడు విడిచినవెన్ని, మానునకు సమముగా కోసినవెన్ని, ఉబ్బును కాపాడి కోసినవెన్ని? ఏ మచ్చచుట్టు బెరడు నలువైపుల సమానముగా ముడుచుకొని వచ్చుచున్నది? ఆ పట్టికను దాచియుంచి, మరుసటి యేడు మరల చూడుడు. తరువాత గొడ్డలితో వచ్చువానికి ఎచ్చట కోయవలెనో ఆ పిల్లలే చెప్పగలరు.