ఒంటిమిట్ట సీమలో నేలకోత: ఖర్చు ఎవరిది, ఫలం ఎవరిది

కడప జిల్లా ఒంటిమిట్ట ప్రాంతంలో మెట్ట పొలాల నుంచి వాననీటితో కొట్టుకుపోయే మట్టి కొంత వాగుల వెంట పెన్నకు చేరగా, మిగిలినది దారిలోని చెరువుల్లో పూడికగా నిలుస్తుంది. అందువల్ల ఒకే జడివానకు ఎగువ రైతు తన నేల సారాన్ని, దిగువ ఆయకట్టు రైతు తన చెరువు నీటి నిల్వను పోగొట్టుకుంటారు. పొలానికి గనిమ, అంటే గట్టు, వేయించే ఖర్చు ఎగువవారిది కాగా, దానివల్ల కలిగే మేలులో పెద్ద వంతు దిగువవారిది. ఈ రెంటినీ ముడివేసిన వ్యవస్థలు ఉన్నంతకాలం నేల నిలిచిందని, ఆ ముడి సడలినప్పుడల్లా కోత పెరిగిందని ఈ సీమ చరిత్ర చెబుతుంది.

ఇదే జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించగా, రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్లు 1369 నాటి శాసనం తెలుపుతుంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలతో పాటు ఆరు దోషాలను కూడా అది పేర్కొంటుంది. నీరు కొద్దిగా ఉండి సాగునేల విస్తారంగా ఉండడం, నేల కొద్దిగా ఉండి నీరు అధికంగా ఉండడం ఆ దోషాల్లో చేరాయి. పెట్టుబడికీ ఫలానికీ పొంతన ఉండాలన్న ఆర్థిక వివేకం అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

నిర్వహణ భారాన్ని మోసింది దశబంధం అనే ఆచారం. సొంత ఖర్చుతో చెరువో బావో తవ్వించినవారికి, తెగిన కట్టను బాగుచేయించినవారికి, మరమ్మతులు కొనసాగించాలన్న షరతుపై పన్ను లేని భూమినో శిస్తులో కొంత భాగాన్నో ఇవ్వడమే దశబంధం. కట్ట చెడితే పంట తగ్గి, దశబంధదారు రాబడి కూడా దెబ్బతినేది కాబట్టి, కట్టను కాపాడడం అతనికి స్వంత అవసరంగా ఉండేది.

1800లో ఈ సీమ నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమయ్యాక, కలెక్టరు థామస్ మన్రో హయాంలో శిస్తు రైతువారీగా, అంటే ఒక్కొక్క రైతు పేరున నేరుగా, నిర్ణయమైంది. ఆ భారం ఎంతటిదంటే, 1807లో మన్రోయే నాలుగో వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. శిస్తు పోగా మిగులు లేని రైతు చేను బాగుకు ఖర్చు పెట్టడం కష్టమైంది. 1876-78 కరువు తర్వాత వచ్చిన 1883 నాటి భూమి అభివృద్ధి రుణాల చట్టం నేలకోత నివారణకు కూడా తక్కావి రుణాలు, అంటే సర్కారు అప్పులు, ఇవ్వడానికి వీలు కల్పించింది. అయితే దిగువవారికి కలిగే మేలు కోసం ఎగువ రైతు వడ్డీతో సహా అప్పు తీర్చవలసిన పరిస్థితిని ఆ చట్టం మార్చలేదు.

కర్నూలు, కడప నల్లరేగళ్లలో వానాకాలమంతా చేనును బీడుగా ఉంచి రబీలో విత్తడం అలవాటు కావడంతో, పైరు నీడ లేని నేలను వాన సులువుగా కోసేది. మద్రాసు ప్రభుత్వం 1949లో చేసిన చట్టం ప్రకారం సమోన్నత గట్లు, అంటే ఒకే ఎత్తున్న బిందువులను కలుపుతూ వాలుకు అడ్డంగా సాగే కట్టలు, వేయడం మొదలైంది. ఇటువంటి గట్లు పొలం హద్దులను పాటించవు కనుక చిన్న కమతాలను అడ్డదిడ్డంగా చీల్చి, నాగలికీ గుంటకకూ ఆటంకమై, సాగునేలను కొంత మింగాయి. నష్టం వెంటనే కనిపించి, లాభం ఏళ్ల తరబడి మెల్లగా వచ్చే పనిని వదిలి రైతులు హద్దు గనిమలతో సరిపెట్టుకోవడం అజ్ఞానం వల్ల కాదు, వారి లెక్క సరైనదే.

ఆ లెక్కకు మరో నిదర్శనం ఎండాకాలంలో చెరువు మట్టిని చేలకు తోలుకునే ఆచారం. తేమను పట్టి ఉంచే ఒండ్రు ఎర్రనేలకు చేరి, బండి బాడుగ పెట్టిన రైతు చేనులోనే ఫలం ఇస్తుంది కాబట్టి, ఏ చట్టం ఒత్తిడి లేకుండానే ఆ ఆచారం సాగింది. 1995 నాటి వాటర్‌షెడ్ మార్గదర్శకాలు గ్రామస్థులకు ప్రణాళికలో పాత్ర ఇవ్వగా, 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం గట్ల పనికి ప్రజాధనంతో కూలి చెల్లించే దారి చూపింది. ఎగువ చేనులో నిలిచిన మట్టి దిగువ చెరువుకు రక్షణ కాబట్టి, ఆ కూలిని రైతుకు చూపే దయగా కాక, దశబంధంలాగే ఉమ్మడి మేలుకు ఊరు చెల్లించవలసిన న్యాయమైన ప్రతిఫలంగా గుర్తించాలి.