టైపురైటరు మనుషులు చేసిన పెన్ను

ఇటలీ పెన్నుల కంపెనీ ఔరోరాను పెట్టినాయన పెన్నుల మనిషి కాదు. ఇసాయా లెవీ టూరిన్ నగరంలో బట్టల వ్యాపారంలో గడించినవాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు, 1919లో, ఇటలీ దుకాణాల్లో పేరున్న ఫౌంటెన్ పెన్నులన్నీ పరాయి దేశాల నుంచి దిగుతున్నవే. వాటిని ఇక్కడే చేయిస్తే అమ్ముడుపోవా అని ఆయన లెక్క వేసుకున్నాడు. పనివాళ్లకు కొదవ లేదు. టూరిన్ అంటే ఫియట్ కార్ల ఊరు, వీధికో లేతు తిరిగే ఊరు. తొలి పెన్నులు మాత్రం అమెరికన్ల పోలికలోనే వచ్చాయి. పక్కనున్న మీట ఎత్తితే లోపలి రబ్బరు సంచి నొక్కుకుని, వదలగానే సిరా పీల్చుకునే రకం. బాగానే రాసేవి. సొంత ఆలోచన అనదగ్గది రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఈలోగా నియంత ముసోలినీ అధికారంలోకి వచ్చాడు. దిగుమతులు వద్దు, అంతా ఇటలీదే కావాలి అన్నాడు. కంపెనీకి ఇది కలిసొచ్చింది, కానీ ఆ కాలపు మచ్చ ఒకటి పెన్ను రూపంలోనే మిగిలింది. 1935 అక్టోబరులో ఇటలీ సైన్యం ఇథియోపియా మీద పడింది. విషవాయువులు కూడా వాడిన యుద్ధం అది. ఆ సైనికుల కోసం ఔరోరా ‘ఇథియోపియా’ పేరుతోనే ఒక పెన్ను చేసింది. ఎడారిలో సిరాబుడ్డి మోసుకెళ్లడం కష్టం కనక దానికి సిరా బిళ్లలు ఇచ్చారు. నీళ్లలో కరిగించుకుంటే సిరా తయారు. ఉపాయంగా చూస్తే ముచ్చటైనదే. ఇప్పుడు పాత పెన్నులు సేకరించేవాళ్లు దాన్ని అపురూపంగా చూసుకుంటారు. ఆ సిరాతో ఏం ఉత్తరాలు రాశారో, ఎక్కడ కూర్చుని రాశారో తలచుకుంటే నాకైతే ఆ ముచ్చట నిలవదు.

అదే 1935లో మన రాజమండ్రిలో కె.వి. రత్నం గారు చేసిన పెన్ను వాడి చూసి, బజారులో దొరికే విదేశీ పెన్నులకు ఇది బదులుగా పనికొస్తుందని గాంధీజీ ఉత్తరం రాశారు. రెండు చోట్లా మాట స్వదేశీయే. ఒకచోట అది పరాయి పాలనను వదిలించుకోవడానికి, మరోచోట పరాయి దేశాన్ని ఆక్రమించుకోవడానికి.

లెవీకి ముసోలినీ రాజ్యంలో గౌరవం దక్కింది, 1933లో సెనేటరు కూడా అయ్యాడు. కానీ పుట్టుకతో యూదుడు. 1938లో అదే ప్రభుత్వం యూదులకు వ్యతిరేకంగా జాతి చట్టాలు తెచ్చింది. ఆయన క్యాథలిక్ మతం తీసుకున్నాడు. రోమ్‌లోని తన భవనాన్ని పోప్‌కు రాసిచ్చాడు. ఇటలీలో వాటికన్ రాయబారి కార్యాలయం అందులోనే వెలిసింది. 1949లో లెవీ చనిపోయాడు.

అంతకుముందే, 1943లో, రెండో ప్రపంచ యుద్ధపు బాంబు దాడుల్లో ఔరోరా ఫ్యాక్టరీ కూలిపోయింది. మిగిలిన సామాను మూటగట్టుకుని ఊరి ఉత్తరపు అంచుకు, స్తూరా నది దగ్గర పాత మఠం ఒకటి ఉన్న చోటికి మారారు. ఇప్పటికీ ఫ్యాక్టరీ అక్కడే ఉంది.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. యుద్ధం నడుస్తుండగానే, 1941లో, అమెరికాలో పార్కర్ 51 వచ్చింది. పాళీ దాదాపు మొత్తం గొట్టంలోకి దాక్కుని కొస మాత్రమే బయటికి కనిపిస్తుంది. గాలి తగలదు కనక సిరా ఆరిపోదు. అది చూశాక మిగతా పెన్నులన్నీ ముసలివైపోయాయి. జవాబు చెప్పక తప్పలేదు. ఔరోరా ఆ పని అప్పగించింది మార్చెల్లో నిజ్జోలికి. ఆయన ఒలివెట్టి కంపెనీకి యంత్రాల రూపకల్పన చేసే మనిషి. లెక్సికాన్ 80, ఆ తర్వాత లోకమంతా చంకన పెట్టుకు తిరిగిన లెత్తెరా 22 టైపురైటర్లు ఆయన చేతివే. 1947లో వచ్చిన ఔరోరా 88ని ఆయన గీశాడు. దాచిన పాళీ అమెరికన్లదే, ఒప్పుకోవాలి. కానీ లోపల పిస్టన్ పెట్టారు. వెనక పిడి తిప్పితే అది పైకి జరుగుతూ సిరాను నేరుగా గొట్టంలోకి లాగుతుంది. రబ్బరు సంచీ అక్కర్లేదు, అది కుళ్లి చిరుగుతుందన్న భయమూ లేదు. ఒంపు తిరిగిన నల్లటి ఒళ్లు, తళతళలాడే లోహపు మూత. యుద్ధంలో చితికిన ఇటలీలో అది విరగబడి అమ్ముడుపోయింది. రాతపనిని పెన్ను చేతిలోంచి లాక్కున్న యంత్రం టైపురైటరు. దాని రూపశిల్పే పెన్నుకు రెండో ఆయుష్షు పోశాడు.

ఆ ఆయుష్షుకు గండం కూడా టూరిన్ బిడ్డ నుంచే వచ్చింది. 1914లో ఆ ఊళ్లోనే పుట్టి ఫ్రాన్సులో స్థిరపడ్డ మార్సెల్ బిక్, 1950 చివర్లో బిక్ క్రిస్టల్ అనే బాల్‌పెన్ను దించాడు. చవక, నింపే పని లేదు, చేతికి మరక అంటదు. పదేళ్లు తిరిగేసరికి ఫౌంటెన్ పెన్ను బడి పిల్లలకూ పెద్ద సంతకాలకూ మిగిలింది.

దానికి ఔరోరా ఇచ్చిన జవాబు 1970 నాటి హాస్టిల్. మార్కో జనూసో గీసింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే మందం ఉన్న సన్నని లోహపు గొట్టం, ఎక్కడా నగిషీ లేదు. చూస్తే పెన్నులా కాదు, ఏదో ప్రయోగశాల పరికరంలా ఉంటుంది. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం దాన్ని తన సేకరణలో చేర్చుకుంది. నన్నడిగితే 88 రాసుకోవడానికి, హాస్టిల్ చూసుకోవడానికి.

కంపెనీని ఈ రోజుల దాకా నడిపించుకొచ్చింది వెరోనా కుటుంబం. వాళ్ల మూలం మరీ విచిత్రం. 19వ శతాబ్దం చివర్లో రెమింగ్టన్ టైపురైటర్లను ఇటలీకి తెచ్చి అమ్మినవాళ్లు. ఇప్పుడు కంపెనీని చూసుకునే చేజరే వెరోనాదీ, ఆ పాత టైపురైటర్ల వ్యాపారిదీ ఒకటే పేరు. 2016లో ఫ్యాక్టరీ పక్కనే రాత చరిత్రకు ఒక మ్యూజియం కూడా తెరిచారు.

ఈ కుటుంబం మొండితనం పాళీ దగ్గర తెలుస్తుంది. ఖరీదైన పెన్నుల మీద ఎవరి పేరున్నా, చాలావాటి పాళీలు జర్మనీలో ఒకటి రెండు కంపెనీల నుంచి కొని బిగించినవే. డబ్బు లెక్కన అదే తెలివైన పని. ఔరోరా మాత్రం ఇంట్లోనే చేసుకుంటుంది. 14 లేదా 18 క్యారెట్ల బంగారు రేకును సాగదీసి, అచ్చుతో కోసి, ఒంపు తిప్పి, కొసన గట్టి మిశ్రలోహపు చుక్క అతికి, పల్చని చక్రంతో నడుమ చీలిక వేసి, చేత్తో సానపట్టి రాసి చూస్తారు. పాళీ కింది నాలుకను ఇప్పటికీ ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతోనే చేస్తారు. అది సిరాను పట్టి ఉంచినట్టు ప్లాస్టిక్ ఉంచదు. పిస్టన్ పెన్నుల్లో ఇంకో చిన్న ఏర్పాటుంది. సిరా అయిపోయిందనుకున్నాక పిడిని చివరిదాకా తిప్పితే, మూల దాచిన కాస్త సిరా పాళీకి అందుతుంది. పరీక్ష హాల్లో ఉన్నవాడికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఆ పాళీ అందరికీ నచ్చదు. జర్మన్ పాళీలా నున్నగా జారిపోదు. పెన్సిల్‌తో రాస్తున్నట్టు కాగితాన్ని కొంచెం పట్టి రాస్తుంది. కొందరు దానికోసమే కొంటారు, కొందరు అందుకే తిప్పి పంపిస్తారు. కొనేముందు ఒక పేజీ రాసి చూసుకోవడం మంచిది.