జార్జి చినరీ: మద్రాసు నుండి మకావు దాకా

ఈస్టిండియా కంపెనీ కాలంలో మన దేశానికి వచ్చిన ఐరోపా చిత్రకారుల పేర్లు తలచుకుంటే టిల్లీ కెటిల్, జొఫనీ, రాబర్ట్ హోమ్ ముందుగా గుర్తుకువస్తారు. నవాబుల, దొరల ముఖచిత్రాలు వేసి, సొమ్ము కూడబెట్టుకుని స్వదేశం చేరాలన్నది ఆ వృత్తిలోని వారి సాధారణమైన ఆశ. 1774లో లండనులో పుట్టి, రాయల్ అకాడెమీ పాఠశాలలో చదివి, డబ్లినులో కొంత పేరు తెచ్చుకున్న జార్జి చినరీ కూడా ఆ దారినే పట్టాడు. భార్యను, ఇద్దరు పసిబిడ్డలను వదిలి 1802లో మద్రాసు చేరాడు. ఆ తరువాత యాభై ఏళ్ళు బ్రతికాడు గాని, మళ్ళీ ఇంగ్లండు ముఖం చూడలేదు.

ఆయన మద్రాసులో వేసిన ఒక చిత్రానికి మన హైదరాబాదుతో సంబంధం ఉంది. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా బేగంల పిల్లలను 1805లో చదువుకోసం ఇంగ్లండుకు పంపారు. కొడుకుకు నాలుగేళ్ళు, కూతురుకు మూడేళ్ళు. ఓడ ఎక్కేముందు మద్రాసులో చినరీ వారిద్దరి నిలువెత్తు చిత్రం గీశాడు. హైదరాబాదీ దర్బారు దుస్తుల్లో ఉన్న ఆ పసివాళ్ళను చూస్తే, వాళ్ళు కొద్దికాలంలోనే కొత్త పేర్లతో, కొత్త మతంలో పెరగబోతున్నారని ఎవరూ అనుకోరు. అదే ఏడాది అక్టోబరులో తండ్రి కలకత్తాలో మరణించాడు. తల్లి 1813లో చనిపోయేదాకా బిడ్డలను మళ్ళీ చూడలేదు. ఎన్నో ఏళ్ళ తరువాత ఆ కూతురు, పెద్దదై, ఇంగ్లండులో హెన్రీ రస్సెల్ ఇంట ఆ చిత్రాన్ని చూసి కన్నీరు పెట్టుకుంది. నేడది హాంకాంగులో ఒక బ్యాంకువారి సేకరణలో ఉంది.

ఇంటికి దూరమైన మనుషులకు ముఖచిత్రం అలంకారం కాదు, అవసరం. రేపటికి ఉంటామో లేదో తెలియని ఎండల్లో, జ్వరాల్లో బ్రతికే దొరలు తమ రూపాన్ని పటం కట్టించి స్వదేశానికి పంపేవారు. చినరీ ఎదుగుదలకు ఈ అవసరమే ఆధారం. 1807లో, పైన చెప్పిన రస్సెల్ తండ్రి, బెంగాల్ ప్రధాన న్యాయమూర్తి, చిత్రం వేయడానికి కలకత్తా వెళ్ళాడు. కొంతకాలం ఢాకాలో చార్లెస్ డాయిలీ దగ్గర గడిపి, 1812లో తిరిగివచ్చాడు. 1814లో రాబర్ట్ హోమ్ లక్నో కొలువుకు తరలిపోయాక కలకత్తాలో ఆయనకు సాటి లేకపోయింది.

ఎదురులేని ఆ రోజుల్లోనే పతనమూ మొదలయింది. ఆదాయం బాగానే ఉన్నా, ఖర్చు దానిని మించింది. మొదలుపెట్టిన చిత్రాలు పూర్తికాక మూలపడేవి. డబ్లినులో విడిచివచ్చిన భార్య మేరియాన్ పదహారేళ్ళకు, 1818లో, కలకత్తా వచ్చి కలుసుకుంది. నాలుగేళ్ళలో కొడుకు చనిపోయాడు. అప్పులవాళ్ళ ఒత్తిడి పెరిగి, బ్రిటిష్ చట్టం చెల్లని డేనిష్ వారి శ్రీరామపురంలో తలదాచుకున్నాడు. అదీ చాలక 1825లో ఓడ ఎక్కి పోర్చుగీసు వారి మకావు చేరాడు. భార్య వెంట వస్తుందేమోనని భయం కలిగినప్పుడల్లా, విదేశీ స్త్రీలకు ప్రవేశం లేని కాంటను నగరం ఆయనకు శరణ్యమని చెప్పుకునేవాడట. మకావు వారికి అది మంచి హాస్యం. కలకత్తాలో అప్పుల మధ్య మిగిలిన ఆ ఇల్లాలికి అది హాస్యమైవుండదు.

మకావులో తొలి ఏళ్ళు బాగానే గడిచాయి. వర్తకుడు జార్డిన్, చైనా వ్యాపారి హౌక్వా, బైబిలును చైనా భాషలోకి అనువదించిన మారిసన్ ఆయన ముందు కూర్చున్నవారే. అయితే కాంటనులో లామ్‌క్వా అనే చైనా చిత్రకారుడు అదే పాశ్చాత్య శైలిలో తక్కువ ధరకు ముఖచిత్రాలు వేయసాగాడు. ఆయన చిత్రం 1835లో లండను రాయల్ అకాడెమీలోనే ప్రదర్శనకెక్కింది. 1834లో చైనా వ్యాపారంలో కంపెనీ గుత్తాధిపత్యం పోయింది. నల్లమందు యుద్ధం తరువాత, 1842 నుండి, వర్తకులు హాంకాంగుకు తరలారు. 1844లో ఫ్రెంచివాడు ఇతియే డాగెరోటైపు యంత్రంతో మకావు వీధులను ఫోటోలు తీశాడు. పోషకులు ఊరు విడిచిపోతున్నారు. రూపాన్ని పట్టి ఇచ్చే కొత్త సాధనం ఊళ్ళోకి వచ్చింది. డెబ్బై ఏళ్ళ వృద్ధుడు దేనికి ఎదురు నిలవగలడు?

నిలవలేదు గాని, గీయడమూ మానలేదు. ఎవరూ అడగకుండానే, ఎవరూ కొనకుండానే వీధిలోని కమ్మరులను, జూదగాళ్ళను, పడవలలో కాపురముండే స్త్రీలను, పందులను, మేకలను చిన్న చిన్న కాగితాలపై వేల సంఖ్యలో గీశాడు. అంచుల్లో సంక్షిప్తలిపిలో తేదీలు, గుర్తులు రాసుకున్నాడు. ఫోటోకు ముందునాటి మకావు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే చరిత్రకారులు నేటికీ ఆ కాగితాలనే తిరగేస్తారు.

1852 మే 30న చినరీ మరణించాడు. మకావులోని పాత ప్రొటెస్టెంట్ శ్మశానంలో, తాను చిత్రం వేసిన మారిసన్ ఉన్నచోటనే, ఆయనా ఉన్నాడు.